దొరగారి నీళ్ళు

ఆమె ఉద్యోగం క్రిముల్ని చంపడం. ఆసుపత్రి అట్టడుగు అంతస్తులో కిటికీ లేని పొడవాటి గది ఒకటుంది. ఆపరేషన్లు అయ్యాక కత్తెరలూ పటకార్లూ అక్కడికే వస్తాయి. వాటిని బ్రష్షుతో సందుసందుకీ తోమి, ఆరబెట్టి, గుడ్డలో మూట కట్టి, టేపు అంటించి, ఆవిరి యంత్రంలోకి తోస్తుంది. బయటికొచ్చేసరికి, తగినంత వేడి తగిలిందనడానికి గుర్తుగా టేపు మీద నల్లగీతలు తేలాలి. తేలకపోతే మూట విప్పి మళ్ళీ మొదటి నుంచీ. ఆమె కట్టిన మూటకి ఇంతవరకూ ఏ డాక్టరూ వంక పెట్టింది లేదు. పెళ్ళికి ముందే ఆ సంగతి ఆమె భర్త బస్సు డిపోలో నలుగురికీ చెప్పుకున్నాడు. "ఇక మా ఇంట్లో దుమ్ముకి నూకలు చెల్లినట్టే" అన్నాడట. అది విని ఆమె మురిసిపోయింది కూడా.

అందుకే సెలవు రోజున కొత్త అక్వేరియం అమర్చడానికి కూర్చున్నప్పుడు ఆమెకి ఏ బెరుకూ లేదు. మనుషుల పొట్టలోకి వెళ్ళే కత్తెరలనే చూసుకునే మనిషికి చేపల తొట్టి ఒక లెక్కా?

పాత తొట్టి వంటగది గట్టు మీద ఉండేది. అద్దాలకి పచ్చగా పాచి, అడుగున నల్లటి మడ్డి, మూలన బుడగలు వదిలే చిన్న ఫిల్టరు. అందులో ఒకే ఒక్క గోల్డ్ ఫిష్. పొట్ట ముందుకేసుకుని, ఎవరు అటు నడిచినా తన మేతకోసమే వస్తున్నారన్నట్టు అద్దం దగ్గరికొచ్చి నిలబడేది. పేరు దొరగారు. ఆ పేరు పెట్టినదీ, ఆ తొట్టి కొన్నదీ ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మొదటి భార్య. వెళ్ళేటప్పుడు ఆవిడ తన బట్టలు పట్టుకెళ్ళింది. పదేళ్ళ కూతురూ దొరగారూ ఇక్కడే ఉండిపోయారు.

పెద్ద తొట్టి తెస్తే పిల్ల తనతో ఒక్కమాటైనా మనసువిప్పి మాట్లాడుతుందని ఆమె ఆశ. పిల్ల చెడ్డది కాదు. "పిన్నీ" అంటుంది, "మీరు" అంటుంది, తిన్న కంచం తనే కడుగుతుంది. ఇంటివాళ్ళకి ఎదురుపడిన అద్దెవాళ్ళలా మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. ఆ మర్యాదే ఆమెని ముల్లులా గుచ్చుతోంది.

వంటగది మూలన వేసిన బల్ల ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క పెట్టింది. గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగింది. సబ్బు అంటిన గిన్నె ఏదీ వాడొద్దని షాపామె చెప్పింది కాబట్టి, కొత్త నీలం బక్కెట్టు ఒకటి ఈ పనికే విడిగా పెట్టింది. ఎర్రది మామూలుగా గచ్చు తుడవడానికి. తొట్టిలో రాళ్ళ మీద ఒక పళ్ళెం ఉంచి, అడుగు కదలకుండా దాని మీద సన్నగా నీళ్ళు వదిలింది. పంపునీళ్ళలో క్లోరిన్ విరగడానికి మందు చుక్కలు వేసింది. మొక్కలు నాటింది. పిల్ల ఎత్తుపీట మీద కూర్చుని, గడ్డం మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క పనీ చూస్తూనే ఉంది.

చివరికి పాత ఫిల్టరు విప్పింది. లోపలి స్పాంజి గోధుమరంగు జిడ్డుతో వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఆమె ముక్కు చిట్లించి, గ్లవుజులు తొడుక్కుని, దాన్ని పటకారుతో ఎత్తి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో పడేసింది.

"అదీ..." అంది పిల్ల.

"ఏంటమ్మా?"

పిల్ల గడ్డం మళ్ళీ మోకాళ్ళ మీద ఆనించింది. "ఏం లేదు పిన్నీ" అంది.

స్పాంజి ఉడికి, జిడ్డంతా వదిలి, షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు తేలింది. దాన్ని చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది. సాయంత్రం దొరగారిని వలతో ఎత్తి కొత్త తొట్టిలో వదిలారు. తోడుగా తెచ్చిన చిన్న చేపల కవరుని కాసేపు నీళ్ళమీద తేలనిచ్చి, తర్వాత వాటినీ వదిలారు. డ్యూటీకి బయల్దేరుతూ భర్త గుమ్మంలో ఆగి, చేతిలో సంచి కింద పెట్టి మరీ చూశాడు. నీళ్ళు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి.

"ఇదీ ఇల్లంటే" అన్నాడు.

*

దూరపు బస్సు తోలుకుని అతను తిరిగి వచ్చిన ఉదయానికి చిన్న చేపల్లో ఒకటి వెల్లకిలా తేలుతోంది. మిగిలినవి మూలకి చేరి రెక్కలు ముడుచుకున్నాయి. దొరగారు అద్దం దగ్గరికి రాలేదు. నీళ్ళపైకి మూతి పెట్టి, గాలి కోసం నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. రెక్కల అంచుల్లో ఎర్రటి చారలు కనబడుతున్నాయి.

అతను బూట్లు కూడా విప్పలేదు. తొట్టి ముందు నిలబడి చూశాడు. అతనికి కోపం వస్తే గొంతు లేవదు, తగ్గుతుంది.

"ఎవరు చేశారు ఇది?"

ఆమె వంటగది గుమ్మంలో ఉంది. పిల్ల బడిసంచి భుజానికి వేసుకుని నిలబడి ఉంది. సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

"నేనే నాన్నా" అంది.

"మేత డబ్బా మొత్తం గుమ్మరించి ఉంటావు."

పిల్ల అవుననలేదు, కాదనలేదు.

"ఉన్న ఒక్కదాన్నీ చూసుకోవడం చేతకాదు, నీకు ఇంత తొట్టి ఎందుకు? ఆదివారం మా డిపో మెకానిక్ వస్తాడు. వాళ్ళింట్లో చేపలున్నాయి. తొట్టితో సహా పట్టుకుపొమ్మంటాను."

అంతే. ఇక ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. స్నానం చేశాడు, భోంచేశాడు, కంచం సింకులో పెట్టాడు, పడుకున్నాడు. పిల్ల బడికి వెళ్ళేముందు అలమరాలోంచి పుస్తకం తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా అంచుకి అరచెయ్యి అడ్డుపెట్టి మూసింది.

ఉన్న మాట చెప్పుకోవాలి, అప్పుడు ఆమెకి కలిగింది ఊరట. తప్పు పిల్లది. తను చేసినదాంట్లో లోపం లేదు. ఆ ఊరటకి ఆమె వెంటనే సిగ్గుపడింది కానీ, కలగడమైతే కలిగింది. చచ్చిన చేపని కాగితంలో చుడుతూ మేత డబ్బా వంక చూసింది. మూత బిగించి ఉంది. డబ్బా దాదాపు నిండుగా ఉంది.

ఆ నిండు డబ్బా రోజంతా ఆమె కళ్ళముందే ఉంది. డ్యూటీలో కత్తెరలు తోముతున్నంతసేపూ మేత ఎవరు గుమ్మరించినట్టా అని ఆలోచిస్తూనే ఉంది.

*

అక్వేరియం షాపామె కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, ఆమె సీసాలో తెచ్చిన తొట్టి నీళ్ళని గాజు గొట్టంలో పోసి, ఏవో చుక్కలు వేసి, మూత పెట్టి ఊపింది. నీళ్ళు పసుపురంగులోంచి ముదురు ఆకుపచ్చకి తిరిగాయి.

"అమ్మోనియా" అంది షాపామె. "చేపలు వదిలిన మలినం ఎక్కడికీ పోక అందులోనే విషమై కూర్చుంది. ఫిల్టరులో స్పాంజి ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉందండీ. పాతదే, కానీ బాగా మరిగించి పెట్టాను."

షాపామె చేతిలో గొట్టం ఆగిపోయింది.

"మరిగించావా?"

"జిడ్డుగా ఉంటేనూ."

"ఆ జిడ్డే నీ ఫిల్టరు. ఆ విషాన్ని తినేసే క్రిములు అందులోనే కాపురం ఉంటాయి. నెలల తరబడి కట్టుకున్న కాపురాన్ని పొయ్యి మీద పెట్టి వండేశావు. పాత నీళ్ళూ పారబోసే ఉంటావు?"

"పారబోశాను."

"పాత రాళ్ళు?"

"అవీ."

ఆమె ఖాళీ సీసాకి మూత బిగించింది. క్రిముల గురించి ఇంకొకరు చెప్పాల్సిన మనిషి కాదు తను. ఎక్కడ దాక్కుంటాయో తెలుసు, ఎంత వేడికి చస్తాయో తెలుసు. వాటిని బతికించుకోవలసిన చోటు ఒకటుంటుందని మాత్రం ఎన్నడూ తోచలేదు. తర్వాత కోపం వచ్చింది.

"మరి తొట్టి కొన్న రోజే చేపలు ఎందుకు అమ్మారు మీరు? ఆగి రమ్మని చెప్పొచ్చు కదా."

"నువ్వడిగావు, నేనిచ్చాను" అంది షాపామె. ఆ తర్వాత కళ్ళద్దాలు దించి, గొంతు కూడా కాస్త దించింది. "చూడమ్మా. రోజూ మూడోవంతు నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసిన కొత్తనీళ్ళు పొయ్యి. రెండు రోజులు మేత వెయ్యకు. అది ప్రాణం నిలబెడుతుంది, అంతే. అసలు మందు పాత స్పాంజి. చాన్నాళ్ళుగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టిలోది, కడగనిది కావాలి."

"మీ దగ్గరున్నది ఇవ్వండి."

"నా దగ్గరకి ఎక్కడెక్కడి చేపలో వస్తాయి. వాటి రోగాలు నీ దానికి అంటుకుంటే మళ్ళీ నా పీకే పట్టుకుంటావు. ఎవరింట్లోనైనా ఉంటే అడుగు."

గాజు గొట్టమూ చుక్కల సీసాలూ కొనుక్కుని ఆమె బయటపడింది. ఇంటికి నడుస్తుంటే దొరగారి కంటే పిల్ల గొంతే గుర్తొస్తోంది. నేనే నాన్నా, అంది. ఎందుకు అంది? చెయ్యని తప్పుని అంత నింపాదిగా ఎవరైనా నెత్తికెత్తుకుంటారా?

*

చెప్పేద్దామనుకునే ఇంట్లో అడుగుపెట్టింది. భర్త కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఆమె వచ్చిన అలికిడికి పేజీ తిప్పాడు, తల తిప్పలేదు.

"ఏమండీ, ఆ చేపల సంగతి..."

పేపరు కొంచెం కిందికి దిగింది. పేపరు పైనుంచి కళ్ళు మాత్రం కనబడ్డాయి. వాటిలో కోపం కూడా లేదు. ఎదురుగా గోడ ఉన్నట్టు చూశాడు. కొత్తలో ఒకసారి, బంధువుల ముందు అతను చెప్పిన ఏదో మాటని ఆమె నవ్వుతూ సరిదిద్దింది. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఇంట్లో గోడతోనే కాపురం చేసింది. కారణమేమిటని అడిగినా జవాబు లేదు. ఒకరోజు ఉదయం టీ బాగుందన్నాడు. అప్పుడు అయిపోయిందని తెలిసింది.

"ఏం లేదు లెండి" అంది. మాట మింగేసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడ పిల్ల నీలం బక్కెట్టు కింద పెట్టుకుని, పైపుని నీళ్ళతో నింపి, ఒక కొస బొటనవేలితో మూసి, ఇంకో కొస తొట్టిలో ముంచి వేలు తీసింది. నీళ్ళు ఒక్క చుక్క కింద పడకుండా బక్కెట్టులోకి దిగాయి. అడుగున రాళ్ళ సందుల్లో పేరుకున్న మలినం మీదుగా పైపు కొసని నెమ్మదిగా జరుపుతోంది. ఆ పనితనం చూసి ఆమెకి ఆశ్చర్యం వేసింది.

"ఎవరు నేర్పారు?"

"అమ్మ."

ఇద్దరూ కలిసి కొత్తనీళ్ళు పోశారు. దొరగారు పోసిన నీళ్ళ ధారకిందికి వచ్చి కాసేపు నిలబడి, మళ్ళీ పైకి పోయి నోరు తెరవడం మొదలెట్టాడు. పిల్ల చెయ్యి తుడుచుకుని, వలా మేత డబ్బా ఒక సంచిలో సర్దింది.

"ఎర్ర మేత దొరగారికి పడదు. మెకానిక్ బాబాయ్‌కి మీరు చెప్పండి పిన్నీ. నేను చెబితే ఏడుస్తానేమో."

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. పక్కగదిలో పేపరు మడిచిన చప్పుడు వినబడింది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు, ఒకేసారి చూపు దించుకున్నారు. ఆమె సీసాలు లోపల పెట్టి, అలమరా తలుపు అంచుకి అరచెయ్యి అడ్డుపెట్టి, చప్పుడు కాకుండా మూసింది. మూశాక తన చేతివంక తనే చూసుకుంది. ఈ ఇంటికి వచ్చేముందు ఆమె తలుపులు ఇలా మూసేది కాదు.

మర్నాడు మళ్ళీ నీళ్ళు మార్చారు. గొట్టంలో ఆకుపచ్చ తగ్గింది కానీ పోలేదు. ఇంకొక చిన్న చేప పోయింది. భర్త మౌనంగా వచ్చి, మౌనంగా తిని, మౌనంగా వెళ్ళాడు. ఇంత చిన్న ఇంట్లో అంత పెద్ద మౌనాన్ని దాటుకుంటూ తిరగడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

*

ఆదివారం ఉదయమే మెకానిక్ పెద్ద ప్లాస్టిక్ టబ్బు చంకన పెట్టుకుని వచ్చాడు. మనిషి లావు, నవ్వు ఇంకా లావు. "వదినా, టీ పెట్టండి, మీ చేపల్ని కాపురానికి తీసుకెళ్ళడానికి వచ్చాను" అంటూ లోపలికొచ్చి, తొట్టిలోకి వంగి చూసి నవ్వు ఆపేశాడు. "అన్నా, ఇది టబ్బులో మా ఇంటిదాకా రాదు. దార్లోనే పోతుంది."

"పోతే పోయింది. తీసుకెళ్ళు" అన్నాడు భర్త. మూడు రోజుల్లో ఆ ఇంట్లో అతను అన్న మొదటి మాట అదే.

పిల్ల తన సంచి పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మెకానిక్ వల కోసం చెయ్యి చాపాడు. పిల్ల సంచిలోంచి వల తీసి ఇచ్చింది.

"ఆగండి" అంది ఆమె. "తొట్టి ఇవ్వడం లేదు."

భర్త ఆమె వైపు తిరిగాడు. ఇప్పుడు ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకి తెలుసు.

"పాప మేత ఎక్కువ వెయ్యలేదు. డబ్బా నిండుగానే ఉంది, చూసుకోండి. తప్పు నాది. ఫిల్టరులో స్పాంజిని నేను మరిగించాను. అందులో ఉండాల్సిన మంచి క్రిములన్నీ చచ్చాయి, నీళ్ళు విషమయ్యాయి. షాపుకెళ్ళిన రోజే నాకు తెలిసింది. మీకు చెప్పడానికి భయపడ్డాను."

"భయమా?" అన్నాడు భర్త, గొంతు బాగా తగ్గించి. "నేనెప్పుడైనా కొట్టానా? తిట్టానా?"

"తిడితే ఎప్పుడో ఒకప్పుడు ఆపుతారు. ఇది ఎప్పుడు ఆగుతుందో తెలీదు."

మెకానిక్ వల చేత్తో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక చేపల్నే చూస్తున్నాడు. భర్త ముఖం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోపే పిల్ల గోడ వదిలి ముందుకొచ్చింది.

"కాదు నాన్నా. నేనే చేశాను."

"పిన్ని చెప్పింది కదా, నువ్వు కాదని."

"పిన్నికి తెలీదు. నాకు తెలుసు." పిల్ల గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది, ఇన్నాళ్ళూ లోపల వల్లెవేసుకున్నట్టు. "అమ్మ స్పాంజిని పంపు కింద కూడా కడిగేది కాదు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ముంచి మెల్లిగా పిండేది. కడిగితే చేపలు చచ్చిపోతాయని చెప్పింది. పిన్ని వేడినీళ్ళలో వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తప్పని తెలుసు. చెప్పలేదు."

ఎత్తుపీట మీద కూర్చుని 'అదీ' అని ఆగిపోయిన పిల్ల ఆమె కళ్ళముందు మెదిలింది. ఆ ఒక్క మాట పూర్తిచేసి ఉంటే చాలు.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు తండ్రి.

పిల్ల అతని వంక వింతగా చూసింది. ఇంత తెలిసిన విషయం ఎందుకు అడుగుతున్నాడో అర్థం కానట్టు.

"పెద్దవాళ్ళకి తప్పని చెబితే మాటలు ఆగిపోతాయి కదా. అమ్మకీ మీకూ అలాగే ఆగిపోయాయి. పిన్ని కూడా నాతో మానేస్తుందనుకున్నాను."

ఫిల్టరు బుడగలు వదులుతూనే ఉంది. భర్త కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూస్తూ, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. తనకంటే ముందే ఈ ఇంట్లో ఒకరు తలుపులు అలా మూయడం నేర్చుకున్నారు, పదేళ్ళకే.

చివరికి మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, పాత స్పాంజి ఉంటే సరిపోతుందా?"

"కడగనిది కావాలి. షాపామె చెప్పింది."

"మా ఇంట్లో దాన్ని కడిగిన పాపాన ఎవరూ పోలేదు" అన్నాడతను. వల బల్ల మీద పెట్టి, టబ్బు అక్కడే వదిలేసి, గబగబా మెట్లు దిగాడు.

*

అతను తిరిగొచ్చింది తడి కవరుతో. లోపల తొట్టి నీళ్ళలో మునిగి, నల్లగా, నానిన కుక్కపిల్ల బొచ్చులా ఉంది స్పాంజి. కవరు విప్పగానే గదంతా బురద వాసన. ఆమె గ్లవుజులు తొడుక్కోలేదు. వట్టి చేత్తో దాన్ని పట్టుకుంది. జిడ్డు వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా కారింది.

ఇన్నేళ్ళ అలవాటు చెప్పిన మాట వింటుందా? మనసు తొట్టి వైపే ఉంది, కాళ్ళు మాత్రం పంపు వైపు నడిచాయి. పైపైన వేలాడుతున్న నల్లటి పోగుల్ని కాస్త వదిలిద్దామనుకుందో, అదీ అనుకోలేదో, ఎడమచెయ్యి తనంతట తనే పంపు తిప్పబోయింది.

"వద్దు. పంపు కింద వద్దు పిన్నీ, మళ్ళీ చస్తాయి."

పిల్ల గట్టిగానే అంది. అన్నాక భయపడి తండ్రి వైపు చూసింది. మెకానిక్ చూశాడు. ఆమె కూడా, పంపు మీద చెయ్యి అలాగే ఉంచి, చూసింది. కిటికీ దగ్గర వీపు కదల్లేదు.

"మంచిపని చేశావు, చెప్పావు" అంది ఆమె. చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు."

"తొట్టి నీళ్ళు కొంచెం బక్కెట్టులోకి తియ్యాలి. అందులో ముంచి ఒక్కసారి ఆడించాలి. పిండొద్దు. వెంటనే ఫిల్టరులో పెట్టెయ్యాలి, ఆరకూడదు."

ఆమె రెండు చేతులూ స్పాంజితో నిండి ఉన్నాయి. పిల్ల పైపు అందుకుని తొట్టిలో ముంచింది. దొరగారు పైనుంచి ఒకసారి కిందికి దిగి, ఆ చెయ్యి చుట్టూ తిరిగి, మళ్ళీ పైకి పోయాడు.

కిటికీ దగ్గర అడుగుల చప్పుడయింది. భర్త స్నానాలగది వైపు వెళ్ళాడు. అతను అటు నుంచి అటే బయటికి వెళ్ళిపోతాడనుకుంది ఆమె. చెప్పులు ఎక్కడున్నాయో కూడా చూసింది. అతను బక్కెట్టు పట్టుకుని వచ్చి, పిల్ల కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇది సరిపోతుందా?" అన్నాడు.

అది ఎర్ర బక్కెట్టు. గచ్చు తుడిచేది.

పిల్ల పైపు కొస మీద బొటనవేలు అదిమిపట్టుకుని ఉంది. బక్కెట్టుని చూసింది, తండ్రి ముఖంలోకి చూసింది. పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. ఆమె చెబితే సులువే, కానీ చెప్పలేదు.

"ఇది కాదు నాన్నా" అంది పిల్ల. "దీనికి సబ్బు అంటి ఉంటుంది. నీలం రంగుది తేవాలి."

అతను వంగి, ఎర్ర బక్కెట్టు తీసుకెళ్ళి లోపల పెట్టి, నీలం బక్కెట్టు తెచ్చాడు.